చిత్రకారుడు అడివి బాపిరాజుగారు

ఆంధ్రదేశమున అడివి బాపిరాజుగారి పేరు వినని చదువరులు అరుదు. అయినను ఆ పేరు చెప్పగానే పలువురకు ‘నారాయణరావు’ నవలయో, ‘గోన గన్నారెడ్డి’ నవలయో స్ఫురించునే గాని, ఆయన వేసిన చిత్రము స్ఫురించదు. ఇది కొంత వింతయే. ఏలయన, ఆ నవలలు వ్రాసినది చిత్రకారుని కన్ను. బాపిరాజుగారు న్యాయశాస్త్రము చదివిరి, చెఱసాలకు వెళ్లిరి, పాటలు పాడిరి, కళాశాల నడిపిరి, చలనచిత్రములకు కళాదర్శకత్వము చేసిరి, దినపత్రికకు సంపాదకులైరి. ఇన్నింటి నడుమను ఆయన చేతినుండి కుంచె జారిపోలేదు. విద్యార్థులారా, ఈ వ్యాసమున ఆ కుంచెను గూర్చియే ముఖ్యముగా చెప్పదలచితిని. నవలలు నడుమ నడుమ వచ్చుచునే యుండును. ఆయన విషయమున ఆ రెంటిని విడదీయుట సాధ్యము కాదు.

బాపిరాజుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరపు ప్రాంతమున జన్మించిరి. తండ్రి కృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలలో చేరి బి.ఏ. పట్టము పొందిరి. ఆ కళాశాలలో చేరుటయే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది.

అచ్చట 1909 మొదలు 1919 వరకు ప్రధానాచార్యులుగా నుండినవారు ఓస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రేదొరగారు. ఆంగ్ల సాహిత్యము బోధించుట ఆయన యుద్యోగము. నీటిరంగులతో చిత్రములు వేయుట ఆయనకు ప్రాణము. కవిత్వమును, కథలను గూడ వ్రాసెడివారు. ఆ దినములలో ప్రధానాచార్యుడైన దొర యనిన విద్యార్థులకు భయము. ఈయన మాత్రము తన యింటి తలుపులు విద్యార్థులకు తెరచి యుంచెను. వారికి తన చిత్రములు చూపెను, వారి చిత్రములు చూచెను. సీమదేశపు బొమ్మలను చూచి నకలు వేయుట కంటె, తమ కన్నుల యెదుట నున్న గోదావరిని, పడవలను, పల్లెలను, తమ పురాణములను, తమ పూర్వుల శిల్పమును చూచి నేర్చుకొనుడని వారిని ప్రోత్సహించెను. బి.ఏ. పరీక్షకు చిత్రలేఖనముతో నిమిత్తము లేదు. దానివలన ఒక్క మార్కు గూడ రాదు. అయినను ఆ యింటికి పోయిన పిల్లలలో నుండియే ఆంధ్రదేశపు ఆధునిక చిత్రకళ మొదలైనది. ఉపాధ్యాయవృత్తిలో నున్న నాబోటివారికి ఈ సంగతి తలచుకొనినప్పుడెల్ల సంతోషమును, కొంత సిగ్గును గూడ కలుగును. పాఠ్యక్రమములో లేని దానికి మేము వారమునకు ఎన్ని నిమిషములు ఇచ్చుచున్నాము?

కూల్డ్రేదొరగారి శిష్యులలో అగ్రగణ్యుడు దామెర్ల రామారావుగారు. బాపిరాజుగారికంటె రెండేండ్లు చిన్న. దొరగారు ఆయనకు అజంతా గుహలు చూపించి, తరువాత బొంబాయిలోని జె.జె. కళాశాలకు పంపిరి. అచ్చట చదువు ముగించి రాజమహేంద్రవరమునకు తిరిగివచ్చి, రామారావుగారు చిత్రకళాశాల నెలకొల్పి శిష్యులను తీర్చసాగిరి. కాని 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన, తన 28వ యేట, మశూచికము సోకి కన్నుమూసిరి. ఈ మిత్రుడు బ్రదికి యుండినచో ఆంధ్ర చిత్రకళ ఏ దారిని నడచెడిదో ఎవ్వరు చెప్పగలరు! దొరగారు అప్పటికే, 1919లో, ఇంగ్లండుకు వెడలిపోయి యుండిరి. గురువు దూరమై, మిత్రుడు మరణింపగా, మిగిలినవారి భుజములపై బరువు పెరిగినది.

బాపిరాజుగారి మార్గము రామారావుగారి మార్గమువలె తిన్ననిది కాదు. ఇంటివారి కోరికలు, కాలపు పిలుపు, పొట్టకూటి చింత, ఈ మూడును ఆయనను మూడు వైపులకు లాగినవి. సహాయ నిరాకరణోద్యమము వచ్చినప్పుడు అందులో దూకి, ఒక సంవత్సరము కారాగారవాసము చేసిరి. ఆ అనుభవములే తరువాత ‘తొలకరి’ యను నవలలో చోటుచేసికొనినవి. మదరాసులో న్యాయశాస్త్రము చదివి బి.ఎల్. పట్టము పొంది, కొంతకాలము న్యాయవాదిగా నుండిరి. ఆనాడు బి.ఎల్. అనిన సామాన్యమైన చదువు కాదు. నేడు మన ప్రత్తి, మిరప రైతుల యిండ్లలో వైద్యవిద్యకు, ఇంజనీరింగుకు ఎంత ఆదరమో ఆనాడు ప్లీడరీకి అంత ఆదరము. అట్టి వృత్తిని చేతిలోనుంచుకొని బాపిరాజుగారు దానిని విడిచిరి. ఆ నిర్ణయము ఇంటివారికి ఎట్లు తోచియుండునో తల్లిదండ్రులైన చదువరులు ఊహించుకొనగలరు.

ఆయన చిత్రకళను శాస్త్రీయముగ నేర్చినది మచిలీపట్టణములోని ఆంధ్రజాతీయ కళాశాలలో. ప్రభుత్వపు విద్యకు బదులు దేశీయమైన విద్య నిచ్చుటకై కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు మొదలగువారు స్థాపించిన సంస్థ యది. అచ్చట చిత్రకళ బోధించుటకు వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయులుగారు వచ్చిరి. ఈయన అవనీంద్రనాథ ఠాకూరుగారి సంప్రదాయమునకు చెందినవారు. ఆ సంప్రదాయమున చిత్రము వేయు పద్ధతి విచిత్రముగ నుండును. కాగితముపై రేఖ గీసి, పలుచని రంగు పూసి, ఆరిన పిమ్మట కాగితమును నీట తడిపి, మరల రంగు పూసి, మరల తడుపుదురు. ఇట్లు పలుమార్లు చేయగా రంగు కాగితములోనికి ఇంకి, ప్రాతఃకాలపు మంచు తెర వెనుక నున్నట్లు ఆకారములు కానవచ్చును. మన కల్లములలో ఎండబోసిన మిరపకాయల ఎఱుపు ఆ చిత్రములలో దొరకదు. అందులోని ఎఱుపు, పాతబడిన పట్టుచీర యెఱుపు. ఇది ఓపిక కావలసిన పని. తొందరపాటు గలవాడు మూడవసారి తడుపునప్పటికే కాగితము చింపుకొనును.

ఇట్టి పద్ధతిలో పెరిగిన చేయి పత్రికలకు బొమ్మలు వేయవలసి వచ్చినప్పుడు మరియొక విద్య నేర్వవలసి యుండెను. ఆ సంగతి కొంచెము వివరించెదను. నేటి పిల్లలు యంత్రములో మీట నొక్కగానే రంగుల బొమ్మ వచ్చునని యెఱుగుదురు. ఆ రోజులలో అట్లు కాదు. పత్రికలో బొమ్మ అచ్చగుటకు ముందు ఆ బొమ్మను ఛాయాచిత్రముగ దీసి, తుత్తునాగపు రేకుపైకి దింపి, ఆమ్లములో ముంచెడివారు. గీత లున్న చోటు మిగిలి, తక్కిన చోటు ఆమ్లము తినివేయును. ఆ రేకును చెక్కకు బిగించి అక్షరములతోపాటు అచ్చు వేయుదురు. మిరప టిక్కీలపై గుర్తు వేయుటకు కంతలు కోసిన రేకు నుంచి సిరా పూయుట మీరు చూచియుందురు. ఇదియు ఇంచుమించు ఆ జాతిదే. సిరా పడినదా లేదా అను రెండే గాని, నడిమి ఛాయలు లేవు. కాబట్టి పత్రికకు బొమ్మ వేయువాడు మంచు తెరను, మెత్తని ఛాయలను మరచిపోయి, నల్లని గీత ఒక్కదానితోనే ముఖమును, వస్త్రమును, దూరమును, దుఃఖమును చూపవలెను. రంగుల చిత్రము అచ్చు వేయవలెనన్న పసుపు, ఎఱుపు, నీలము మూడింటికి మూడు రేకులు చేయించి మూడుమార్లు అచ్చొత్తవలెను. ఆ వ్యయము ఉగాది సంచికలకు, ‘భారతి’ వంటి మాసపత్రికలకు మాత్రమే తగినది.

బాపిరాజుగారు ఈ రెండు విద్యలలోను చేయి తిరిగినవారు. ‘సముద్రగుప్తుడు’, ‘తిక్కన’ ఆయన వర్ణచిత్రములలో ప్రఖ్యాతి గన్నవి. ‘శబ్దబ్రహ్మ’, ‘భాగవతపురుషుడు’, ‘ఆనందతాండవము’ అనునవియు పేరొందినవే. తిక్కన సోమయాజి తాతగారు మంత్రి భాస్కరుడు గుంటూరును పాలించినవాడు గనుక ఆ చిత్రము మన సీమవారికి ఒకింత దగ్గరిది. పత్రికలకు, గ్రంథములకు ఆయన వేసిన బొమ్మలు వేరు. అవి పత్రికతోపాటు పుట్టి పత్రికతోపాటు చిరిగిపోవునవి. చిత్రకారునకు ఇందులో నున్న కష్టము ఇదియే. గోడకు వ్రేలాడు చిత్రమునకు యజమాని యుండును, అటకమీది పాత సంచికకు చెదలే యజమాని.

ఇక ఆయన రేఖకు మూలమైన చోటును గూర్చి చెప్పవలెను. అది మన కృష్ణాతీరమే. అమరావతి శిల్పములను 18వ శతాబ్దము చివర కల్నల్ మెకంజీ చూచి లోకమునకు తెలిపెను. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు ఆ సీమను ఏలుచున్న కాల మది. తరువాత ఆ రాళ్లు కొన్ని మదరాసు ప్రదర్శనశాలకు, కొన్ని సముద్రము దాటి లండనుకు చేరినవి. మదరాసులో నున్న ఒక గుండ్రని ఫలకమున నాళాగిరి యను మదపుటేనుగు కథ చెక్కబడియున్నది. ఒకవైపు అది మనుష్యులను త్రొక్కుచు వీధివెంట పరుగెత్తుచున్నది. మేడల కిటికీలలో స్త్రీలు భయముతో చూచుచున్నారు. మరియొకవైపు అదే యేనుగు బుద్ధుని పాదముల చెంత మోకరిల్లినది. ఒకే చట్రములో ఒకే ఏనుగు రెండు మార్లు! కథ చెప్పు బొమ్మకు ఇంతకుమించిన పాఠము లేదు. నేనొకసారి పై తరగతి పిల్లలకు ఈ ఫలకపు నకలు చూపి, ఏనుగు లెన్ని యని అడిగితిని. సగముమంది రెండనిరి, సగముమంది ఒకటనిరి. రెండును సరియైన జవాబులే.

బాపిరాజుగారు ఈ శిల్పములను భక్తితో పరిశీలించినవారు. సన్నని నడుము, పొడవైన అవయవములు, వంగిన మెడ, బరువులేని నడక, ఇవి పలనాటి సున్నపురాతిపై 1,800 ఏండ్ల క్రిందట చెక్కినవారి లక్షణములు. అజంతాలోని మిక్కిలి ప్రాచీనమైన చిత్రములును ఆంధ్ర శాతవాహనుల కాలమువే. ఈ రెంటిని కలుపు గీత తన చేతికి వంశపారంపర్యముగ వచ్చిన సొత్తని ఆయన భావించినట్లు ఆయన పనియంతయు సాక్ష్యమిచ్చుచున్నది.

‘హిమబిందు’ నవల చదివినవారికి ఈ మాట యథార్థమని తోచును. అది శాతవాహనుల కాలపు కథ. కథానాయకుడు సువర్ణశ్రీ ఒక శిల్పి కుమారుడు. నవల వృషభశకటముల పందెముతో ఆరంభమగును గనుక ఒంగోలు గిత్తల నెఱిగిన మన పిల్లలు మొదటి పుటనుండియే దానిని విడువలేరు. అందులోని కిరీటములు, హారములు, రథములు, తలకట్లు కేవలము ఊహలు కావు. రాతిలో చూచి మాటలలో దింపినవి. ‘అడివి శాంతిశ్రీ’ యను మరియొక నవల, ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి కథ. విజయపురి యనగా పలనాటిలోని నాగార్జునకొండ లోయ. అచ్చటి శిథిలములు 1926లో వెలుగులోనికి రాగా, తరువాతి యేండ్లలో లాంగ్‌హర్స్ట్‌గారు త్రవ్వకములు జరిపిరి. దొరకిన శాసనములలో చాంతమూల మహారాజు కుమార్తె, ‘అడవి చాంతిసిరి’ యను రాకుమారి పేరు కానవచ్చినది. అడివివారి యింటి రచయితకు ఆ పేరు కన్నులబడినప్పుడు ఎట్లుండెనో! పదునారు వందల యేండ్ల పైబడి రాతిలో నిదురించిన ఒక్క పేరునుండి ఆయన పురమునంతయు లేపిరి.

నవలలకు మూలమైన ‘నారాయణరావు’ సంగతి అందరికి తెలిసినదే గనుక క్లుప్తముగ చెప్పెదను. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జరిపిన నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’తో కలిసి ఈ నవల బహుమానము పంచుకొనెను. 1930ల నడుమ నుండి 1939 వరకు బాపిరాజుగారు తాను చిత్రకళ నేర్చిన బందరు జాతీయ కళాశాలకే ప్రధానాచార్యులైరి. కూల్డ్రేదొరగారి శిష్యుడు దొరగారి స్థానము వంటి స్థానములో కూర్చుండెను.

ఆ దశాబ్దముననే చలనచిత్రములు మాటలు నేర్చినవి. 1936లో ‘అనసూయ’, ‘ధ్రువవిజయము’ అను రెండు చిత్రములు జతగా ఒకే ప్రదర్శనలో చూపబడినవి. పాత్రధారులు ఎక్కువగా పిల్లలే. వీనికి, తరువాత ‘మీరాబాయి’ చిత్రమునకు బాపిరాజుగారు కళాదర్శకులు. కళాదర్శకుని పని యేమి? కొయ్యతోను, గుడ్డతోను, సున్నముతోను ఆశ్రమమును, అంతఃపురమును కట్టించుట, నటుల నగలును, వస్త్రములును ముందుగా బొమ్మవేసి చూపుట. ఆనాటి చిత్రములు నలుపు తెలుపులవి గనుక, తెరపై ఏ రంగు ఏ ఛాయగా మారునో ముందే యెఱిగియుండవలెను. పత్రికల నల్లని గీతయు, బందరులో నేర్చిన మెత్తని ఛాయయు రెండును ఇచ్చట పనికివచ్చినవి. చిత్రీకరణము ముగియగానే ఆ కట్టడములను విప్పివేయుదురు. ఇదియు చెదలు తిన్న పత్రికల కథ వంటిదే.

1940ల నడుమ ఆయన హైదరాబాదు చేరి ‘మీజాన్’ దినపత్రికకు తెలుగు సంపాదకులైరి. ఉర్దూ, తెలుగు, ఆంగ్లము మూడు భాషలలో వెలువడిన పత్రిక యది. తిరుమల రామచంద్రగారు, రాంభట్ల కృష్ణమూర్తిగారు ఆయనతో అచ్చట పనిచేసిరి. నిజాము రాజ్యములో తెలుగు చదువరులకు అది పెద్ద అండ. నవలలు అనేకము ఈ కాలముననే వెలుగు చూచినవి. స్నేహితు లందరకు ఆయన ‘బాపి బావ’. గోదావరి వరదను గూర్చి ఆయన వ్రాసిన గీతము నేటికిని పాఠశాలల వార్షికోత్సవములలో వినబడుచున్నది. పాడిన పిల్లలలో సగముమందికి కర్త పేరు తెలియదు.

ఇన్ని పనులు పెట్టుకొనక చిత్రకళ నొక్కదానినే పట్టుకొని యుండినచో బాపిరాజుగారు ఇంకను గొప్ప చిత్రకారు లయ్యెడివారని అనువారు గలరు. అందులో నిజము లేకపోలేదు. 28 ఏండ్లయిన నిండక పోయిన దామెర్ల రామారావుగారి చిత్రములను, బాపిరాజుగారి చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టినచో, కుంచె బలమున రామారావుగారిదే పైచేయి యని నాకు తోచును. రామారావుగారి చిత్రములకు రాజమహేంద్రవరమున ఒక భవన మున్నది, బాపిరాజుగారివి చెదరిపోయినవి. ఒకచోట కూర్చి చూడగోరు విద్యార్థికి దారి సుగమము కాదు. ఇది చిన్న నష్టము కాదు. కాని కేవలము చిత్రములే వేసియుండినచో, చిత్రశాలకు పోలేని పల్లెటూరి చదువరికి, కంది పొలము గట్టున కూర్చుండి పుస్తకము చదువు బాలునికి, శాతవాహనుల నగరమును చూపువా రెవరు? కొందరు బొమ్మను గోడకు తగిలింతురు, ఆయన దానిని పుటలలో మడచి ఇంటింటికి పంపిరి. లాభనష్టముల లెక్క ఎవరికి వారు వేసికొనవచ్చును. నాకు మాత్రము ‘హిమబిందు’ లేని తెలుగు గ్రంథాలయము కంటె, రెండు చిత్రములు తక్కువైన ప్రదర్శనశాలయే నయముగ తోచుచున్నది.

ఆయన తన విద్యను ఇతరులకు నేర్పవలెనను తపన కలవారు. చిత్రకళ నేర్పుటకై గుంటూరులో ఒక సంస్థను నెలకొల్పిరి. ప్రత్తి బేరములు, పొగాకు బేరములు ముమ్మరముగ సాగు పట్టణములో చిత్రకళకు పిల్లలు రాగలరని నమ్ముటకే ధైర్యము కావలెను.

1951లో మదరాసు ప్రభుత్వము కోరగా సింహళములోని సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వేయుటకు వెళ్లిరి. అప్పటికి ఆయనకు 55 ఏండ్లు దాటినవి. సిగిరియా యనగా అడవి నడుమ నిట్టనిలువుగ లేచిన మహాశిల. 5వ శతాబ్దమున కాశ్యపు డను రాజు దానిపై కోట కట్టించెను. ఆ శిలకు నడిమి ఎత్తున, గుహవంటి చోట, మేఘములనుండి నడుమువరకు వెలువడిన స్త్రీల చిత్రములున్నవి. చేతులలో పువ్వులు, మెడలో హారములు. ఆ స్త్రీల వంపులు మన కృష్ణాతీరపు శిల్పములకు చుట్టములని పండితు లనుచుందురు. ప్రతికృతి వేయుట యనిన తన గీతను అణచుకొని, పేరు తెలియని పాత చిత్రకారుని గీత వెంట నడచుట. పేరుప్రఖ్యాతులు గడించిన చిత్రకారుడు ఆ వయస్సున మరల శిష్యుడైయుండుట గమనింపదగినది.

మరుసటి సంవత్సరము, 1952 సెప్టెంబరు 22వ తేదీన, తన 57వ యేట బాపిరాజుగారు పరమపదించిరి. కూల్డ్రేదొరగారు ఇంగ్లండులో ఇంకను జీవించియుండిరి. ఆయన 1958లో మరణించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఆ జలాశయము నిండినప్పుడు విజయపురి లోయ నీట మునిగినది. ముఖ్యములైన కట్టడములను, శిల్పములను ముందే తరలించి, కొన్నింటిని కొండపై, కొన్నింటిని ఒడ్డున అనుపు వద్ద నిలిపిరి. మాచర్ల మీదుగా విహారయాత్రకు పోవు మన విద్యార్థులు పడవలో ఆ కొండకు చేరునప్పుడు, అడవి చాంతిసిరి తిరిగిన వీధులు ఆ పడవ క్రిందనే యుండును.